ప్రైమర్ మీద పుట్టీ, మావయ్య గారి మీద కోపం

గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. రాసినాయన ఐటీఐ చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద బాడీ షాపులో కొన్నేళ్లు పనిచేశారు. పెళ్లయ్యాక వైజాగ్ వచ్చి మామగారి టింకరింగ్, పెయింటింగ్ షెడ్‌లో చేరారు. మామగారిది ముప్పై ఏళ్ల చెయ్యి. చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా మేస్త్రీ గారనే పిలుస్తారు. ఆయనకి కొడుకులు లేరు. షెడ్ రేపు అల్లుడిదేనని అందరూ అనుకుంటారు కానీ, ఆ మాట మామగారి నోట ఇంతవరకు రాలేదు.

ఆగస్టులో, బీచ్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి తన పాత మారుతి కారు తెచ్చారు. వెనక డోర్ మీద పెద్ద సొట్ట, వెనక చక్రం పైన మడ్‌గార్డ్ అంచంతా తుప్పు. అల్లుడు గారు రెండు చోట్లా రేకు తేలేదాకా గీకి, సాయంత్రం ఎపాక్సీ ప్రైమర్ (రేకుని తుప్పు నుంచి కాపాడే అడుగు పొర) కొట్టారు. మర్నాటి నుంచి ముసురు. ఈలోగా ట్రావెల్స్ బండి ఒకటి అర్జెంటుగా వచ్చింది, మారుతి మూలకి జరిగింది. పన్నెండు రోజుల తర్వాత, ఈయన అనకాపల్లి వెళ్లిన రోజున, మామగారు చెప్తే షెడ్‌లో కుర్రాడు ఆ ప్రైమర్ మీదే సొట్ట పూడ్చే పుట్టీ లాగేశాడు. పెయింటయింది, బండి వెళ్లిపోయింది. దీపావళి దాటాక తిరిగొచ్చింది. డోర్ మీద అరచెయ్యంత పెచ్చు ఊడిపోయి, అడుగున ప్రైమర్ నున్నగా మెరుస్తోంది. మడ్‌గార్డ్ అంచున పెచ్చు ఊడలేదు కానీ కందిగింజంత పొక్కులు లేచాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే తుప్పు నీళ్లు వచ్చాయి.

మామగారు కస్టమర్ ముందే అన్నారట: “ప్రైమర్ మీద పుట్టీ పెడితే ఇంతే. హైదరాబాద్ చదువులు ఇక్కడ పనికిరావు.” ఆ రోజు నుంచి ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటల్లేవు. భార్య “నాన్నతో సర్దుకుపోండి” అంటోంది. స్నేహితుడేమో కూర్మన్నపాలెం వైపు సొంత షెడ్ పెడదాం రమ్మంటున్నాడు. తప్పెవరిది, ఎపాక్సీ మీద పుట్టీ పెట్టొచ్చా కూడదా, షెడ్‌లో ఉండాలా బయటికి రావాలా అని అడిగారు. చివర్లో వాటర్ పేపర్ గురించి ఇంకో చిన్న ప్రశ్న.

*

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ పెచ్చు వర్ణన. తగువంతా దాని అడుగునే ఉంది, మీ ఇద్దరూ దాన్ని వదిలేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. పెచ్చు ఊడితే ఎవర్నీ తిట్టకముందు దాన్ని తిప్పి చూడాలి. ప్రైమర్ కూడా పెచ్చుకి అంటుకుని వచ్చేసి డోర్ మీద ఉత్త రేకు కనిపిస్తే, గీకడంలోనో తుడవడంలోనో లోపం ఉన్నట్టు. పుట్టీయే మధ్యకి చీలి సగం ఇటు, సగం అటు ఉండిపోతే హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపిన చేతిని అనుమానించాలి. ప్రైమర్ డోర్ మీదే చెక్కుచెదరకుండా, మీద ఒక్క గరుకు పేపర్ గీత కూడా లేకుండా మెరుస్తుంటే పుట్టీకి పట్టు దొరకలేదని అర్థం. మీ డోర్‌ది ఈ మూడో కేసు.

ఎపాక్సీ కొట్టిన కొత్తలో దాని పొర ఇంకా పూర్తిగా బిగుసుకోదు. ఆ సమయంలో పైన వేసినదాన్ని రసాయనికంగా పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గట్టిపడి, మూసుకుపోతుంది. అప్పుడిక పైన వేసేది నిలబడాలంటే పేపర్‌తో గరుకు చేసి, ఆ గీతల్లో పట్టు దొరికేలా చూడాలి. ఈ గడువు డబ్బాని బట్టి మారుతుంది. కొన్నిటికి ఒక రోజు, కొన్నిటికి వారం. పన్నెండు రోజులంటే చాలా ఎపాక్సీలకి ఎప్పుడో దాటిపోయినట్టే. 80 నుంచి 180 నంబరు మధ్య పేపర్‌తో ఆ డోర్‌ని ఓ పావుగంట రుద్ది, దుమ్ము తుడిచి పుట్టీ పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. కొట్టిన మర్నాటి నుంచే ముసురు పట్టింది కాబట్టి ఇంకొకటి కూడా జరిగి ఉండొచ్చు. చాలా ఎపాక్సీ హార్డెనర్లలో అమైన్లు ఉంటాయి. తేమ ఎక్కువైతే అవి పైకి తేలి, చేతికి జిడ్డుగా తగిలే సన్నటి పొర కడతాయి. దాన్ని ముందు నీళ్లతో కడిగేయాలి. కడక్కుండా పేపర్ పడితే ఆ జిడ్డునే గీతల్లోకి రుద్దినట్టు.

మరి తప్పెవరిది? గడువు సంగతి తెలిసింది మీకొక్కరికే. తెలిసిన మీరు ఊరెళ్లారు, బండి మీద ఏమీ రాసి పెట్టలేదు. మామగారికి ఆ డోర్ మీద ఉన్నది ‘ప్రైమర్’, అంతే. కుర్రాడు చెప్పిన పని చేశాడు, వాడిని ఇందులోకి లాగకండి.

మడ్‌గార్డ్ సంగతి వేరు. పొక్కులోంచి తుప్పు నీళ్లు వచ్చాయంటే తడి లోపలి నుంచి, అంటే టైరు వైపు నుంచి వస్తోంది. రేకులో కంటికి ఆనని చిల్లులుండి ఉంటాయి. చక్రం ఎగజిమ్మే నీళ్లూ బురదా అటునుంచి చేరి, పుట్టీని వెనకనుంచి తడిపాయి. పాలిస్టర్ పుట్టీ తడి పీలుస్తుంది. అలాంటి చోట ప్రైమర్ మీద పెట్టినా, రేకు మీద పెట్టినా, మామగారు స్వయంగా పెట్టినా పొక్కులు ఖాయం. గుల్లబారిన రేకుని కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, లోపలివైపు కూడా ప్రైమరూ వ్యాక్సూ కొట్టాల్సిన పని అది. గీకింది మీరే కాబట్టి లైటు వెనక పెట్టి చూడాల్సిందీ, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాల్సిందీ మీరే. ఈ ముక్క మామగారి దగ్గర మీరే ముందు ఒప్పుకుంటే, డోర్ గురించి మీరు చెప్పేది ఆయన చెవికెక్కే అవకాశం పెరుగుతుంది.

ఇక ఆయన మాటలో నిజం ఎంత? చాలానే ఉంది. పాలిస్టర్ పుట్టీ వచ్చింది 1950ల్లో. అంతకుముందు సొట్టల్ని సీసం కరిగించి పూడ్చేవాళ్లు, దానికి శుభ్రమైన ఉత్త రేకే కావాలి. పుట్టీ వచ్చాక కూడా షెడ్లలో ఉన్న ప్రైమర్లు ఎక్కువగా థిన్నర్‌తో ఎండే రకాలు, లేదా రెడ్ ఆక్సైడ్. పుట్టీ డబ్బా మూత తీయగానే ముక్కుకి గుప్పున కొట్టే వాసన స్టైరీన్‌ది. అది ఆ ప్రైమర్లని మెత్తబరిచి లేపేస్తుంది. ఎచ్ ప్రైమర్‌ది ఇంకో గొడవ. అందులో ఉన్న యాసిడ్ పుట్టీని సరిగ్గా గట్టిపడనివ్వదు, పట్టనివ్వదు. కాబట్టి ప్రైమర్ మీద పుట్టీ పెట్టకూడదన్న సూత్రాన్ని మేస్త్రీలు గాల్లోంచి పుట్టించలేదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు. ఆ ప్రైమర్లకి అది ఈ రోజుకీ వర్తిస్తుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఎపాక్సీ మాత్రం వేరే సరుకు. సరిగ్గా ఆరితే స్టైరీన్‌కి లొంగదు. ‘సరిగ్గా ఆరితే’ అన్నది గుర్తుంచుకోండి. మరీ పచ్చిగా ఉండగానే పుట్టీ లాగితే ఎపాక్సీ కూడా ముడతలు పడుతుంది.

అంటే మీ రెండో ప్రశ్నకి జవాబు: పెట్టొచ్చు. రేకు మీదా పెట్టొచ్చు. రెండూ నిలబడే పద్ధతులే. ఎపాక్సీ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో పైన పుట్టీ వేయొచ్చని ఉందా, పుట్టీ షీట్‌లో ఏ అడుగు మీద వేయమన్నారు, ఈ రెండూ చూసుకోవాలి. కాగితం ఇవ్వకపోతే డీలర్‌ని వాట్సాప్‌లో పంపమనండి.

ఏది ఎప్పుడన్నదే అసలు లెక్క, దాన్ని మన సముద్రం తేలుస్తుంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం గీకిన రేకు మర్నాడు చూసినా పెద్దగా మారకపోవచ్చు. ఇక్కడ వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేస్తే పొద్దున్నకి నారింజ రంగు పొడ కట్టేస్తుంది. గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్నరోజు మంచు పట్టే ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమ నీటిబొట్లుగా మారేది, దాదాపు 25 డిగ్రీలు. పెయింట్ పనికి రేకు దానికంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలంటారు. అంటే ఆ రోజు మీరు సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. రాత్రంతా చల్లబడ్డ డోర్ ఇంకా చల్లగా ఉంటుంది, దాని మీద కంటికి కనపడని తడి ఉంటుంది. పొద్దున్నే షెడ్ తెరవగానే స్ప్రే గన్ పట్టుకోవద్దనేది అందుకే. తేమ చూపించే చిన్న మీటరు గోడకి ఒకటి తగిలించండి, పెద్ద ఖరీదేం కాదు. బీచ్ వైపు బండ్లయితే ఉప్పు సంగతి కూడా ఉంది. గీకకముందే మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. లేకపోతే పేపర్ ఆ ఉప్పుని రేకు గుంతల్లోకి తోస్తుంది. పైన ఎంత మంచి పెయింట్ వేసినా ఆ ఉప్పు అడుగు నుంచి తడిని లాగుతూనే ఉంటుంది.

కాబట్టి చిన్న సొట్ట, తుప్పు లేదు, పొద్దున గీకితే సాయంత్రానికి పుట్టీ రుద్ది ప్రైమర్ కింద మూసేయగలరు అనుకుంటే మామగారి పద్ధతే హాయి. 80 పేపర్ గీతల మీద పుట్టీ బాగా పట్టుకుంటుంది, ఒక రోజు కలిసొస్తుంది, ఎపాక్సీ ఖర్చు కూడా తగ్గుతుంది. దానికున్న చిక్కల్లా పని మధ్యలో ఆగకూడదు. కరెంటు పోయినా, వానొచ్చినా, ట్రావెల్స్ వాడొచ్చినా బేరం చెడుతుంది. తుప్పు తీసిన చోటు, వెల్డింగ్ చేసిన చోటు, మూలన పడి ఉండే బండి, సముద్రం పక్కన నిలబడే బండి అయితే మీ పద్ధతి మేలు. ఎపాక్సీ కొట్టేస్తే రేకుకి తొడుగు పడుతుంది, మీకు గడువు దొరుకుతుంది. దీనికి ఒక రోజు ఎక్కువ, డబ్బూ ఎక్కువ. పుట్టీ రుద్దేటప్పుడు అంచుల్లో ఎపాక్సీ తెగి రేకు తేలుతుంది, ఉంగరాల్లా బయటపడ్డ ఆ రేకు మీద మళ్లీ ఎపాక్సీ వేయకుండా ముందుకెళ్తే మొదట చేసిందంతా వృథా. ఏ పద్ధతిలోనైనా పుట్టీ మందం రుద్దాక మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. అంతకు మించి కావాల్సొస్తే టింకరింగ్ ఇంకా మిగిలి ఉన్నట్టు. హార్డెనర్ నూరు గ్రాముల పుట్టీకి రెండు గ్రాములు. వానల్లో తొందరగా ఎండాలని గులాబీ రంగు తేలేదాకా ట్యూబు పిండే అలవాటు మన దగ్గర చాలా షెడ్లలో ఉంది. అది తెల్ల బండి మీద కొన్నాళ్లకి పసుపు మరకై పైకొస్తుంది, అప్పుడు పెయింట్ కంపెనీని తిట్టుకుంటారు.

ఇప్పుడు మావయ్య గారి దగ్గరికి వద్దాం.

కస్టమర్ ముందు అలా అనడం తప్పే. అల్లుడిని పరాయివాళ్ల ముందు చిన్నబుచ్చితే ఆ మాట ఇంటిదాకా వస్తుంది, మీ ఆవిడ మధ్యలో నలుగుతారు. కానీ ఆయన వైపు నుంచి కూడా చూడండి. ముప్పై ఏళ్లుగా వస్తున్న కస్టమర్లు ‘అల్లుడొచ్చాక బండ్లు తిరిగొస్తున్నాయి’ అనుకుంటారేమోనని ఆయనకి టెన్షన్. తన పద్ధతి తప్పని తేలితే ఇన్నాళ్ల పనీ తప్పయిపోతుందన్న బెంగ కూడా ఉండొచ్చు. మీరు ‘హైదరాబాద్‌లో ఇలా చేస్తాం’ అన్న ప్రతిసారీ ఆ బెంగ పెరుగుతుంది. ఆ మాట వాడటం ఇవాళే మానేయండి.

ఆయనతో వాదించి గెలవడం ఒక దారి. టెక్నికల్‌గా గెలుస్తారు కూడా, అయితే ఆ గెలుపుతో అదే ఇంట్లో భోజనానికి కూర్చోవాలి. ఇంకో దారి, పనులు పంచుకోవడం: “మావయ్యా, తుప్పు పనులూ వెల్డింగ్ పనులూ నేను చూస్తాను, సొట్టలు మీ పద్ధతిలోనే కానిద్దాం” అనడం. దీనివల్ల ఎవరి పనికి వాళ్లు జవాబుదారీ, తిరిగొచ్చిన బండి ఎవరిదో చెప్పడం తేలిక. ఇబ్బందేమిటంటే, తుప్పు పనిలో తలనొప్పులు ఎక్కువ, మొదట్లో తిరిగొచ్చే బండ్లన్నీ మీ ఖాతాలోనే పడతాయి. మూడోది నిదానంగా సాగే దారి. ఆటోనగర్‌లో పాత డోర్ ఒకటి తూకానికి కొని, సగం ఆయన చేత్తో రేకు మీద, సగం మీ చేత్తో ఎపాక్సీ మీద చేయించి, ఒకే పెయింట్ కొట్టి, షెడ్ పైకప్పు మీద ఒక వానాకాలం వదిలేయండి. అంచున ఒకచోట కావాలని రేకుదాకా గీత గీయండి, తుప్పు ఎటువైపు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. మీ సగమే ముందు పాడైతే ఒప్పుకోవడానికి సిద్ధపడే మొదలుపెట్టండి. ఆయనకి ఇందులో ఓ సరదా కూడా దొరకొచ్చు, మేస్త్రీలకి పందెం అంటే ఇష్టమే కదా.

ఏ దారి పట్టినా, ఒక పని మాత్రం ఆయన అనుమతి అక్కర్లేకుండా చేయొచ్చు. ఎపాక్సీ కొట్టగానే మాస్కింగ్ టేపు ముక్క మీద తేదీ, టైము, ‘ఫలానా రోజు దాటితే పేపర్ పట్టాలి’ అని తెలుగులో రాసి అద్దానికి అతికించండి. కుర్రాడు చదువుతాడు. మీరు అనకాపల్లిలో ఉన్నా చదువుతాడు.

కస్టమర్ విషయానికొస్తే, డోర్ మళ్లీ ఊరికే చేసివ్వాలి, దానికి రెండో మాట లేదు. మడ్‌గార్డ్‌కి మొదట వెల్డింగ్ చెప్పలేదు కాబట్టి, ఇప్పుడు ఆ ముక్క కోతా వెల్డింగూ వరకు డబ్బు అడగొచ్చు, పెయింట్ మీ ఖర్చు. కస్టమర్ ఒప్పుకోకపోతే అదీ భరించడమో, పొక్కులు గీకి తాత్కాలికంగా మూసి ‘ఇది ఏడాది కూడా ఆగదు’ అని ముందే చెప్పేయడమో మీ ఇష్టం. రెండోది చౌక. కానీ ఆయన ఆ బండి నడిపినన్నాళ్లూ దాన్ని చూపించి మీ షెడ్ పేరే చెప్తారు. ఈ మాట మామగారూ మీరూ కలిసి వెళ్లి చెప్తే, ఆయన ముందు అనుకున్న మాటలు కూడా కొంత సర్దుకుంటాయి.

కూర్మన్నపాలెం షెడ్ గురించి. కోపంలో ఉన్నప్పుడు అద్దె తక్కువగానే కనిపిస్తుంది. కంప్రెసర్, గన్లు, వెల్డింగ్ సెట్టు, దుమ్ము రాని పెయింట్ గది, కరెంటు డిపాజిట్, మొదటి ఆర్నెల్లు బండ్లు రాకపోయినా కుర్రాళ్లకి ఇవ్వాల్సిన జీతం ఒక కాగితం మీద వేసుకోండి. స్నేహితుడి డబ్బు ఎంత, మీది ఎంత, పని ఎవరిది అన్నది కూడా అందులోనే రాయండి. ఆ లెక్క చూశాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, తప్పేం లేదు. తుప్పు పని బాగా తెలిసినవాడికి ఈ ఊళ్లో పని కొదవ ఉండదు. వెళ్తే మాత్రం గొడవపడి వెళ్లకండి. మామగారి షెడ్‌కి పెయింట్ అప్పిచ్చే డీలరే రేపు మీకూ ఇవ్వాలి. ఉంటే, షెడ్‌లో మీ స్థానం ఏమిటో ఆయన నోటితో ఒకసారి అనిపించుకోండి. జీతమా, వాటానా? ఈ ప్రశ్న మీరు అడిగితే అల్లుడి ఆశలా వినిపిస్తుంది, మీ ఆవిడ అడిగితే కూతురి హక్కులా ఉంటుంది. “సర్దుకుపోండి” అన్నప్పుడు ఆవిడ మనసులో ఏముందో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అడగండి.

చివరి ప్రశ్న. మామగారు పుట్టీని నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్దుతారని, మీకది నచ్చదని రాశారు. ఇందులో మీ మాటే సరి. పుట్టీ తడిని పీల్చుకుని దాచుకుంటుంది, తర్వాత పెయింట్ కింద నుంచి వదులుతుంది. పుట్టీ మొత్తం పొడిగానే, 80తో మొదలెట్టి 180, 240 దాకా వెళ్లండి. పైన టూకే (హార్డెనర్ కలిపి కొట్టే) ప్రైమర్ కొట్టి అది గట్టిపడ్డాక నీళ్లు ఎన్నైనా పోసుకోవచ్చు. ఆయన నీళ్లు వాడేది దుమ్ము ముక్కులోకి పోకుండా ఉండటానికే అయితే, ఆ అలవాటు మాన్పించే ముందు మంచి డస్ట్ మాస్కు ఒకటి కొనిచ్చి చూడండి. గన్ పట్టినప్పుడు అది సరిపోదు. టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, వాటికి బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. అది మీ ఇద్దరికీ చెరొకటి.